అమల్ వాళ్ళ నాన్న

శ్రీకాకుళంలో కూర్మమ్మ ఇల్లు తెల్లారినప్పటి నుంచీ హడావిడిగా ఉంది. కూతురు ఉషను చూడడానికి శృంగవరపుకోట నుంచి పెళ్ళివారు పదకొండుకల్లా వస్తారు. మేడ మీద అద్దెకుండే అమల్ కూడా వంటింట్లో చేరి ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ పిల్ల పాలస్తీనా నుంచి ఫార్మసీ చదవడానికి వచ్చి మూడేళ్ళయింది. తెలుగు కూర్మమ్మ దగ్గరే నేర్చుకుంది.

కొడుకు నరేష్ తల్లిని పెరట్లోకి పిలిచాడు.

“అమ్మా, ఈ పూట ఆ పిల్లని ఎక్కడికైనా ఎల్లమను. దాని బాబు జైల్లో ఉన్నాడని తెలిస్తే పెళ్ళోళ్ళు ఏటనుకుంటారు?”

“అనుకుంటే అనుకోనీ. అదేటి తప్పు సేసింది?”

“ఇరవై ఏళ్ళు ఊరికే పెడతారేటి జైల్లో? సెల్లి సంబంధం సెడిపోతాది.”

వెనక గుమ్మంలో అమల్ నిలబడి ఉంది.

“నేను ఎల్తాను అన్నయ్యా. కానీ మా నాన్న గురించి ఇని అప్పుడు అనండి.”

ఆమె తండ్రి హిషాం బడిపంతులు. అమల్‌కు ఏడాది నిండకముందే, తమ్ముడింకా తల్లి కడుపులో ఉండగానే, ఆయన్ని సైనికులు పట్టుకుపోయారు. నిషేధించిన సంఘంలో ఉన్నాడని ఇరవై ఏళ్ళ శిక్ష వేశారు. తల్లి బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. ములాఖత్‌కు తెల్లవారుజామున బస్సెక్కితే, చూసేది ముప్పావుగంట.

“చిన్నప్పుడు దగ్గరికెళ్ళి ముట్టుకోనిచ్చేవారు. ఎనిమిదేళ్ళు దాటాక అద్దం అవతల కూచోబెట్టి ఫోన్‌లో మాట్లాడించారు. నా పదో తరగతి లెక్కలు ఆ ఫోన్‌లోనే సెప్పాడు. జైల్లో సదువు రానోళ్ళకి సదువు సెప్పాడు. తనూ ఎమ్మే పాసయ్యాడు. రెండేళ్ళయింది, అమ్మని కూడా సూడనివ్వట్లేదు. ఎలా ఉన్నాడో తెలీదు.”

కూర్మమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. “ఎక్కడికీ ఎల్లక్కర్లేదు,” అంది.

పెళ్ళివారి కారు ఆగే వేళకు అమల్ ఫోన్ మోగింది. తల్లి గొంతు విని ఆమె నేల మీద కూలబడింది.

“నాన్నని వదిలేశారు పిన్నీ! ఖైదీల మార్పిడంట. ఇంటికి కాదు, ఈజిప్టు పంపేశారు. అమ్మనీ తమ్ముణ్ణీ సరిహద్దు దాటనివ్వరట. ఇక్కడున్నాను కాబట్టి మా ఇంట్లో నేనొక్కదాన్నే ఎల్లగలను.”

అంతలో వీడియో కాల్ వచ్చింది. తెరమీద బుగ్గలు లోతుకుపోయి, జుట్టంతా నెరిసిన మనిషి. ఆయన ఏదో అడిగాడు.

“ఏటంటన్నాడే?” అంది కూర్మమ్మ.

“లేచి నిలబడమంటున్నాడు. అద్దం ముందు ఎప్పుడూ కూచునే ఉండేదాన్ని కదా. ఎంత పొడుగయ్యానో సూస్తాడట.”

నరేష్ ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. పిల్ల నిలువెత్తునా కనబడేదాకా వెనక్కి నడిచాడు. ఫోన్ కదలకుండా రెండో చెయ్యి ఆనించాడు. అవతల హిషాం ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు.

“ఎవరు బాబూ ఆ పిల్ల?” గుమ్మంలోంచి పెళ్ళికొడుకు తండ్రి అడిగాడు.

నరేష్ ఆయన వైపు తిరిగాడు.

“మా ఇంటి పిల్లేనండి. ఈయన ఆళ్ళ నాన్నగారు, పంతులుగారు. ఇరవై ఏళ్ళు జైల్లో ఉన్నారు. ఇయ్యాలే వదిలారు.”

పెద్దాయన చెప్పులు విడిచి దగ్గరికొచ్చి, ఫోన్ వైపు రెండు చేతులూ జోడించాడు. ఆయనెవరో హిషాంకు తెలియదు. అయినా కళ్ళు తుడుచుకుని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.