ఇటుకలు పెట్టిన జాలీ

సిరిసిల్ల నుంచి కోనరావుపేట పోయే దారిలో నూలు ఆరబెట్టే గది ఒకటి ఉండేది. పొద్దుగూకితే అటు ఎవరూ అడుగు పెట్టేవాళ్లు కాదు. తలుపుకు బయట తాళం... లోపల మాత్రం ఎవరో చీపురుతో గోడను గీకుతున్న చప్పుడు. అన్నలు, అదే నక్సలైట్లు, తిరిగే కాలంలో జరిగిందని మా శంకరవ్వత్త చెప్పింది.

వానకాలంలో అద్దకం వేసిన నూలును ఆ గదిలో సిగిడీ, అంటే బొగ్గుల కుంపటి, పెట్టి ఆరబెట్టేవారు. పొగ పోవడానికి గోడకు పైన జాలీ. నూలు పీచంతా ఆ జాలీకే పట్టుకునేది. రోజూ దాన్ని దులపడం రాజవ్వ పని.

"పీచు పేరుకుంటే నిప్పురవ్వ చాలు సేటూ," అని ఆమె చెబితే యజమాని మార్కండేయులు నవ్వేవాడు.

ఒకసారి అన్నలు బంద్ అన్నారు. మార్కండేయులు దొంగచాటుగా పని నడిపాడు. వెలుగు కనబడొద్దని జాలీకి ఇటుకలు పెట్టించాడు. లోపల మనిషి ఉన్నట్టు తెలియొద్దని రాజవ్వను లోపలే ఉంచి బయట నుంచి గొళ్లెం పెట్టాడు. పీచు అంటుకుంది. పొగకు దారి లేదు... ఆమెకూ లేదు.

పాపిష్టివాడు, అంతటితో ఊరుకున్నాడా? బంద్ లెక్కచేయలేదని అన్నలే తగలబెట్టారన్నాడు. వాళ్లకు దారి చూపింది రాజవ్వ మొగుడు ఓదెలే అని పోలీసులకు చెప్పాడు. ఓదెలును జగిత్యాల తీసుకుపోయి జైల్లో వేశారు. బిడ్డ లీల ఒక్కతే మిగిలింది.

గదికి సున్నం కొట్టించాడు గానీ ఇటుకలు తీయలేదు. చీపురు చప్పుడుకు పనివాళ్లు రావడం మానేశారు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదని చూపించడానికి ఒక సాయంత్రం అందరినీ పిలిపించి తానే లోపలికి పోయి సిగిడీ రాజేశాడు.

వెనక తలుపు పడింది. గొళ్లెం చప్పుడు—

పొగ నిండుతోంది. ఇటుకల మీద చీపురు గీకుతోంది... మెల్లగా, చెవి పక్కనే ఒక ఆడగొంతు.

"సేటూ... తొవ్వ ఎవరు మూసిండ్రు?"

"నాకు... తెల్వది."

"ఎవరు మూసిండ్రు?"

"నేనే! ఇటుకలు నేనే పెట్టిచ్చిన! గొళ్లెం నేనే పెట్టిన! ఓదెలుకేం తెల్వది... తలుపు తియ్యి రాజవ్వా!"

తలుపు తెరుచుకుంది. బయట గొళ్లెం పట్టుకుని లీల. ఆమె వెనక కులపెద్ద ముత్తయ్య, పనివాళ్లందరూ. ఒక్క మాట పోకుండా విన్నారు. మార్కండేయులు దగ్గుతూ వాళ్ల కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"ఇగ నడువు ఠాణకు," అన్నాడు ముత్తయ్య. తర్వాత లీల తల నిమిరాడు. "మంచిగ అడిగినవ్ బిడ్డా. అచ్చం మీ అమ్మ గొంతే."

లీల ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గొళ్లెం నేనే పెట్టిన పెద్దబాపూ... నేనైతే నోరు తెరువలే."

పనివాళ్లు గడప నుంచి వెనక్కి జరిగారు. లీల మాత్రం గడప దగ్గరికి పోయి, ఆ పొగలోకి చూస్తూ మెల్లగా అంది—

"అమ్మా... మా బాపు ఇంటికొచ్చేదాక వీన్ని ఇడువకు."