కుడి పాయ

శనివారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు పెద్దాయన ఒక కాగితాన్ని బల్ల మీద పడేశారు.

"చదువు."

తాబేలు చదివాడు. రెండే వాక్యాలు. 'మా మనిషిని వెనక్కి పంపండి. లేకపోతే ఆవిడా మీకు దక్కదు, ఆవిడని తెచ్చే బోటూ దక్కదు.'

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ తాబేలనే పిలుస్తారు. పదహారేళ్ళ సర్వీసులో అతను పరుగెత్తగా చూసినవాళ్ళు లేరు. అతని నుంచి పరుగెత్తి తప్పించుకున్నవాళ్ళూ లేరు.

"పైవాళ్ళు ఏమంటున్నారు సర్?"

"ఆ పిల్లని అప్పగించేసి చేతులు కడుక్కుందామంటున్నారు."

"మీరేమన్నారు?"

"కుదరదన్నాను. అంతకంటే మర్యాదైన మాట దొరకలేదు."

తాబేలుకి ఆ మాట కడుపు నింపింది. శరణు అడిగి వచ్చినవాళ్ళని బెదిరింపు ఉత్తరం చూసి గుమ్మంలోంచే తోసేసే ఉద్యోగమైతే, అతను ఆ ఉద్యోగాన్ని ఎప్పుడో వాళ్ళ మొహాన కొట్టి ఉండేవాడు.

బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో ముగిసింది. శత్రు ముఠాలో రహస్య సంకేతాలు రాసే సైఫర్ గుమాస్తాగా పనిచేసిన అమ్మాయి తప్పించుకుని వస్తోంది. ఈ దేశంలో దొంగ పేర్లతో తిరుగుతున్న ముప్ఫై ఒక్కమంది గూఢచారుల జాబితా ఆమె బుర్రలో ఉంది. నడిసముద్రంలో ఓడ దిగి, ఒక చేపల బోటు ఎక్కుతుంది. సరిగ్గా నాలుగు గంటలకు బోటు పాత రేవులోకి వస్తుంది. ఆ రేవుకి ఎదురుగా గట్టు మీద ఉన్న హాలిడే కాటేజ్‌ని వారం క్రితమే ముఠా నాయకుడు అద్దెకు తీసుకున్నాడు. ముఠాలో వాడి పేరు ప్రొఫెసర్.

"అక్కడ వాడేం చేస్తున్నాడో తెలియదు. భార్య వేషంలో మన ఏజెంట్ పక్కనే ఉంది. నెమలి. గీజర్ ఎందుకు మొరాయిస్తోందని నువ్వడగాలి. ఉప్పుగాలి తగిలిందని తనంటుంది."

పరికరాల సెక్షన్ వాళ్ళు రెండు వస్తువులు ఇచ్చారు. ట్రాన్స్‌మిటర్ అమర్చిన స్పానర్ ఒకటి. అంచు బ్లేడులా సానపట్టిన కొలత టేపు ఒకటి. దారిలో స్పానర్‌ని పరీక్షిస్తే అందులోంచి వంటల కార్యక్రమం వినపడింది. తాబేలు దాన్ని సంచి అడుక్కి తోసేశాడు.

మధ్యాహ్నం రెండున్నరకు ఖాకీ చొక్కా, గీజర్ మెకానిక్ టోపీతో అతను ఆ ఊళ్ళో దిగాడు. మూడొందల ఏళ్ళ నాటి రేవు. రాతి మెట్లు పాదాలకు అరిగి మధ్యలో గుంటలు పడ్డాయి. వీధులు ఎంత సన్నమంటే, ఎదురుగా వలల మోపు వస్తే మనిషి గోడకు అతుక్కుని నిలబడాల్సిందే. ఒకప్పుడు తెరచాపలు కుట్టిన పొడవాటి రాతి ఇల్లే ఇప్పుడు కాటేజ్. గేటుకి బోర్డు: 'వంట మీరే చేసుకోవాలి. గిన్నెలు మీరే కడుక్కోవాలి. శనివారం మూడింటికి తాళంచెవి నాకివ్వాలి.' మూడో వాక్యం కింద రెండు గీతలున్నాయి.

తలుపు తీసింది నెమలి. ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు, చేపల కంపుని కూడా వెనక్కి నెట్టేసే సెంటు. ఆమెని చూసి తల తిప్పుకోగలిగిన మగాడు ఉంటే వాడికి పతకం ఇవ్వాలి. తాబేలుకి ఆ పతకం రాదు.

"గీజర్ ఎందుకు మొరాయిస్తోందండీ?"

"ఉప్పుగాలి తగిలింది. లోపలికి రండి."

గుమ్మం పొట్టిది. అతను తల వంచి లోపలికి అడుగు పెట్టగానే మెడకి చల్లగా పిస్టల్ తగిలింది.

"ఏమీ అనుకోకు తాబేలూ," అంది ఆమె నవ్వుతూ. "ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటున్నాను. నీ వైపు వాళ్ళు ఇంక్రిమెంట్ ఇవ్వలేదు."

పది నిమిషాల తర్వాత అతను వంటగదిలో కుర్చీకి కట్టేసి ఉన్నాడు. చేతులు వెనక్కి. టూల్ సంచి లాక్కున్నారు కానీ, వెనక జేబులో టేపుని ఎవరూ పట్టించుకోలేదు. మెకానిక్ జేబులో టేపు ఉండటం వింతేమీ కాదు.

సముద్రం వైపు కిటికీ దగ్గర, ట్రైపాడ్ మీద టెలిస్కోప్‌తో ప్రొఫెసర్ నిలబడి ఉన్నాడు. బట్టతల, ఇస్త్రీ చొక్కా, పక్షుల మీద పరిశోధన చేస్తున్నట్టు మెళ్ళో ఒక కార్డు. కిటికీలోంచి రేవు ముఖద్వారం అరచేతిలో ఉన్నంత దగ్గరగా కనిపిస్తోంది. దాని నడుమ పెద్ద నల్లరాయి. రాయికి అటూ ఇటూ రెండు నీటి పాయలు.

"మందుపాతర ఒక్కటే తేగలిగాం," అన్నాడు ప్రొఫెసర్, క్లాసులో పాఠం చెప్తున్నంత తాపీగా. "కుడి పాయలో పెట్టాం. బోటు అడుగు సోకితే చాలు. ఇక్కడ ఇసుక రోజూ జరుగుతుంటుంది. ఏ పాయలో లోతుందో ఇంటావిడ ఈ కిటికీలోంచి చూసి, ఆ అలమరలో ఉన్న వైర్‌లెస్‌లో బోట్లకి చెప్తుంది. రోజూ మూడున్నరకి. ఆవిడ మాట తప్ప వాళ్ళు ఇంకేదీ వినరు. అందుకే ఈ ఇల్లు తీసుకున్నాం."

తాబేలు వేళ్ళతో టేపుని మెల్లగా పైకి లాగడం మొదలుపెట్టాడు.

సరిగ్గా మూడింటికి తలుపు మీద దబదబా బాదిన చప్పుడు.

"టైమైంది! తాళంచెవి ఇవ్వండి!"

ఇంటావిడ. అరవై దాటిన మనిషి, చంకలో ఉతికి మడతపెట్టిన దుప్పట్ల దొంతర. సీజన్‌లో ఇల్లు అద్దెకిచ్చి, తను పెరటి గదిలో ఉంటుంది.

"ఇంకొక్క రోజు ఉంటాం," అంది నెమలి గుమ్మంలో తియ్యగా.

"ఉండటానికి వీల్లేదమ్మా. అయిదింటికి వేరేవాళ్ళొస్తున్నారు. పక్కలు వెయ్యాలి, పొయ్యి తుడవాలి. వారం రోజుల్నించి చూస్తున్నాను, ఒక్క రోజైనా పొయ్యి వెలిగించారా మీరు? అన్నం తినని మనుషులు ఇల్లెందుక్కావాలి? జరుగు." ఆవిడ నెమలిని భుజంతో పక్కకి నెట్టి వంటగదిలోకి వచ్చేసింది. వచ్చి, కుర్చీలో మనిషిని చూసింది. "ఈ అబ్బాయినెందుకు కట్టేశారు?"

ప్రొఫెసర్ పిస్టల్ చూపించాడు. ఆవిడ దాన్ని చూసి జడిసిందో లేదో తెలియలేదు కానీ, దుప్పట్లు మాత్రం కింద పెట్టలేదు.

ఏం చెయ్యాలో ప్రొఫెసర్ రెండు ముక్కల్లో చెప్పాడు. నాలుగింటికి వచ్చే ఆ బోటు ఎవరిదో విన్నాక ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అది మా తమ్ముడి బోటు."

"తెలుసు."

"వాణ్ణి నేను పెంచాను. అమ్మ పోయేసరికి వాడికి నాలుగేళ్ళు." ఆవిడ తాబేలు వైపు తిరిగింది. "నువ్వు ఎవరి తరఫు?"

"ఆ అమ్మాయిని కాపాడే తరఫు పిన్నిగారూ."

"మరి నా తమ్ముణ్ణి ఇందులోకి దింపేటప్పుడు నాకో మాట చెప్పాలని మీలో ఒక్కడికీ తోచలేదా?"

తాబేలుకి సిగ్గేసింది. పదహారేళ్ళలో ఏ తుపాకీ ముందూ దించని తలని అతను ఆవిడ ముందు దించాడు.

మూడున్నర. నెమలి అలమర తెరిచి వైర్‌లెస్ స్విచ్ వేసింది. ప్రొఫెసర్ పిస్టల్ ఇంటావిడ వీపుకి ఆనింది.

"కుడి పాయలోంచి రమ్మను. ఆ ఒక్క మాటే. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా ఈ మెకానిక్ తల లేచిపోతుంది."

"చెప్పొద్దు పిన్నిగారూ!" అరిచాడు తాబేలు. "నా సంగతి వదిలెయ్యండి. చెప్పొద్దు!"

"నువ్వు నోరు ముయ్యి," అంది ఆవిడ. మైకు అందుకుంది. "తమ్ముడూ, వినపడుతోందా? కుడి పాయలోంచి రా. కుడి పాయ."

గరగరమంటూ జవాబు వచ్చింది. "కుడి పాయ. సరే అక్కా."

నెమలి స్విచ్ ఆపేసింది. ఇంటావిడ తన ప్రాణానికి భయపడి చెప్పిందా, పరాయివాడైన తాబేలు ప్రాణం కోసం చెప్పిందా? ఏదైనా ఒకటే, బోటు బయల్దేరింది. అతను పళ్ళు బిగించి టేపు అంచుని తాడు మీద రాస్తూనే ఉన్నాడు. తాడుతో పాటు మణికట్టు కూడా తెగుతోంది.

మూడు యాభై రెండు. నీలం బోటు నల్లరాయి అవతల కనిపించింది. ముందుభాగంలో ఎర్ర రెయిన్‌కోటు వేసుకున్న అమ్మాయి కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. ప్రొఫెసర్ టెలిస్కోప్‌కి కన్ను ఆనించి లెక్కపెడుతున్నాడు.

మూడు యాభై ఆరు. బోటు తిరిగింది.

"అదేంటి?" ప్రొఫెసర్ గొంతు మొదటిసారి చెదిరింది. "ఎడమ పాయలోకి వెళ్తున్నాడేంటి? ముసలీ! నీకు కుడి చెప్పమన్నాను!"

"చెప్పానుగా. అదే కుడి."

"ఇది కుడి!" వాడు కిటికీ అద్దం మీద వేలితో పొడిచాడు.

"అది నీకు," అంది ఇంటావిడ. ఇప్పుడు ఆవిడ కళ్ళు వెలుగుతున్నాయి. "మా ఊళ్ళో కుడి ఎడమలంటే సముద్రంలోంచి వచ్చేవాడి కుడి ఎడమలే. వీధులైనా, ఇళ్ళైనా, పాయలైనా. మా తాత చెప్పినా అంతే, నేను చెప్పినా అంతే. కిటికీలోంచి కుడి చూసేది అద్దెకొచ్చినవాళ్ళు. మాట మార్చకుండా నువ్వు చెప్పిందే చెప్పాను నాయనా. నీ పాఠం నువ్వే తప్పు నేర్చుకున్నావు."

వారం రోజులు ఈ ఊళ్ళో ఉండి, ఒక్కరితో నోరారా మాట్లాడి ఉంటే వాడికి ఈ సంగతి తెలిసేది. బజారుకి దారి అడిగినా తెలిసేది. కానీ వాళ్ళు డబ్బాల్లో బిస్కెట్లు తిని, ఆవిడ వైర్‌లెస్ దగ్గరికి వచ్చిన వేళ కూడా పక్క గదిలో తలుపులేసుకుని, టెలిస్కోప్‌లోంచి ఊరిని చూశారు.

ప్రొఫెసర్ ట్రైపాడ్‌ని తన్నేశాడు. టెలిస్కోప్ గొట్టంలోంచి పొడవాటి రైఫిల్ బయటికొచ్చింది. బోటు మునగకపోతే పోనీ, ఎర్ర కోటు ఒక్కటి చాలు. వాడు మోకాలి మీద కూర్చుని గురి చూశాడు. బోటు పాయ మధ్యలో ఉంది. దాక్కోవడానికి అక్కడ అడుగు చోటు లేదు.

టప్‌మని తాడు తెగింది.

తాబేలు లేవడం నెమలి చూసింది. పిస్టల్ ఎత్తింది. ఆ క్షణంలో ఇంటావిడ రెండు చేతులతో డబుల్ బెడ్ దుప్పటిని ఒక్క విసురు విసిరింది. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి శనివారం పక్కలేసిన చేతులవి. దుప్పటి గాల్లో పూర్తిగా విచ్చుకుని నెమలి తల మీంచి కాళ్ళ దాకా దిగింది. లోపల పిస్టల్ పేలింది. కెటిల్ ముక్కు ఎగిరిపోయింది. ఆవిడ దుప్పటి కొసలు పట్టి బిగించి, ఆ మూట మీద కూర్చుంది.

ఆ పూట తాబేలు పరుగెత్తాడు. మూడే అడుగులు. ప్రొఫెసర్ వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తుండగా భుజంతో రైఫిల్ గొట్టాన్ని పైకి కొట్టాడు. గుండు ఇంటి చూరుని తాకింది. రెండు పెంకులు కింద పడ్డాయి. ఆ తర్వాత జరిగింది గిన్నెలకి, బట్టతలకి మధ్య వ్యవహారం. అందులో గెలిచింది ఇనప మూకుడు.

నాలుగు గంటలు. బోటు గట్టుకి ఆనింది.

ఇంటావిడ మూటని తాబేలుకి అప్పగించి మెట్లు దిగింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. తమ్ముడు తాడు కడుతూ తలెత్తి, ఏమీ తెలియనివాడిలా నవ్వాడు. యాభై ఏళ్ళ ఆ మనిషి చెంప మీద ఆవిడ ఒక్కటి ఇచ్చింది. తర్వాత అదే చెంపని రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా ఏడ్చింది.

"ఏమైందక్కా? కుడి పాయలోంచేగా వచ్చాను?"

"వచ్చావు రా. వచ్చావు."

ఎర్ర కోటు అమ్మాయి బోటులోనే నిలబడి ఉంది, దిగొచ్చో లేదో తెలియనట్టు. ఇంటావిడ కళ్ళు తుడుచుకుని చెయ్యి చాచింది. "దిగమ్మా. జారుతుంది, చూసి అడుగెయ్యి. నిన్ను ఎవరూ ఎక్కడికీ పంపరు. ఎవడొస్తాడో నేనూ చూస్తాను."

సాయంత్రం నేవీ డైవర్లు మందుపాతరని పైకి తీశారు. వ్యానెక్కిస్తుంటే, తలకి కట్టుతో ఉన్న ప్రొఫెసర్ గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"ఇంతటితో అయిపోలేదు ముసలీ. మావాళ్ళు మళ్ళీ వస్తారు. ఈ ఇంటికే వస్తారు."

ఇంటావిడ కెటిల్ ముక్కుని అటూ ఇటూ తిప్పి చూస్తూ, తల ఎత్తకుండానే అంది:

"రమ్మను. కాకపోతే ముందుగా ఒక ఉత్తరం ముక్క రాసి రమ్మను. ఖాళీ లేదని చెప్పే సరదా నాకూ ఉండొద్దూ?"