దించకుండా పీకరాదు

ఉదయం పది గంటల పది నిమిషాలకు ఆటోనగర్‌లో ఫోటోగ్రాఫర్ మరియదాసును రెండు బుల్లెట్లతో చంపేశారు. చంపినవాళ్లు అతని సెల్‌ఫోన్ పట్టుకుపోయారు. మెడలో ఉన్న పాత డిజిటల్ కెమెరాను ఆటవస్తువనుకుని బూటుకాలితో తొక్కి వదిలేశారు. విదేశీ గూఢచారుల తెలివి ఆ పాటిది.

వాళ్లను పట్టుకోవాల్సిన మనవాళ్ల తెలివి అంతకంటే గొప్పదేమీ కాదు.

పదీ నలభైకి ఏజెంట్ సోహైల్ తన చీఫ్ జీవరత్నం ముందు నిలబడ్డాడు. మంగళగిరి చీరల వ్యాపారి వేషం, భుజాన మూట, అతికించిన గడ్డం, చేతికి లేజర్ వాచీ. ఈ వేషం దేనికని ఎవరూ అడగలేదు. అడిగినా అతని దగ్గర జవాబు లేదు.

"ఇవాళ బెజవాడ నుంచి బయల్దేరిన ఒక లారీలో బాంబు ఉంది," అన్నాడు జీవరత్నం. "పన్నెండింటికి పేలుద్ది. ఏ లారీయో, ఎటు పోయిందో తెలీదు. మరియదాసు దాని నెంబరు ఫోటో తీశానని చెప్తుండగానే ఫోన్ కట్టయింది. అది ఈ కెమెరాలో ఉంది."

"కార్డు తీసి చూస్తే సరిపోద్దిగా సార్?"

"మూత వంగి కార్డు ఇరుక్కుపోయింది. లాగితే విరుగుద్ది. కేబుల్ ఒక్కటే దారి."

డిపార్ట్‌మెంట్ వారి ఇంపోర్టెడ్ లాప్‌టాప్‌కు కేబుల్ పెట్టారు. కెమెరా కంపెనీ మూతపడి పదేళ్లయింది, దాన్ని నడిపే ప్రోగ్రామ్ ఇప్పుడెక్కడా దొరకదు. తెర మీద ఒకే ఒక్క ముక్క వచ్చింది: డ్రైవర్ దొరకలేదు.

జీవరత్నం తన ముప్పై ఏళ్ల సర్వీసునంతా ఉపయోగించి ఆలోచించాడు.

"ఓస్, ఇంతేనా. మన సొలొమోను ఖాళీగానే ఉన్నాడుగా. పిలువు."

ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. జీపు డ్రైవర్ సొలొమోను వచ్చి, లాప్‌టాప్‌నూ కెమెరానూ మార్చి మార్చి చూశాడు.

"ఇది నా వల్లయ్యే పని కాదండి. వన్‌టౌన్‌లో నసీమా గారి జిరాక్స్ షాపుకి పోదాం. నా లైసెన్స్ రెన్యువల్ ఆవిడే చేశారు. ఆవిడ కంప్యూటర్లో లైనక్స్ ఉంటదండి. పాత సామాన్లన్నీ దానికి తెలుసంట."

వెంట జెస్సికాను కూడా పంపాడు చీఫ్. ఎర్ర లిప్‌స్టిక్, హైహీల్స్, రెండు వీధుల అవతలి నుంచే తెలిసే సెంటు. ఆమె రెండేళ్లుగా శత్రువులకు కూడా పనిచేస్తోంది. ఆ సంగతి మన డిపార్ట్‌మెంట్‌కు తప్ప అందరికీ తెలుసు.

పదకొండున్నరకు షాపు చేరారు. సందులో జీపు పట్టదని సొలొమోను మెయిన్‌రోడ్డు మీదే ఆగిపోయాడు. సోహైల్ కౌంటర్ మీదికి వంగి, అలవాటు కొద్దీ కోడ్‌వర్డ్ వాడాడు.

"కృష్ణలో నీళ్లొచ్చాయా?"

"కుళాయిలోనే రావట్లా బాబూ," అంది నసీమా. యాభై ఏళ్ల మనిషి, ముక్కు మీద కళ్లజోడు. "ఆధారా, పాన్ కార్డా? నీ గడ్డం ఊడొస్తోంది, చూసుకో."

సోహైల్ గడ్డం జేబులో పెట్టుకుని విషయం చెప్పాడు. ఆమె కెమెరాకు కేబుల్ పెట్టింది. తెర మీద కెమెరా బొమ్మ వచ్చింది. ఫోటోలు లాగే ప్రోగ్రామ్ నొక్కితే 'డివైజ్ బిజీ' అంది.

"ఎవరో హ్యాక్ చేశారు ఆపా," అన్నాడు సోహైల్, చీరల మూటతో చెమట తుడుచుకుంటూ.

"నీ మొహం. కేబుల్ పెట్టగానే ఫైల్ మేనేజర్ తనంతట తనే కెమెరాని ఎక్కించుకుంది. అది ఒదిల్తేగా ఇంకోటి ముట్టుకునేది. ముందు దించాలి."

కంప్యూటర్ వాళ్లు అన్‌మౌంట్ అనేదాన్ని నసీమా దించడం అంటుంది. ఆమె తల వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించి ఉంది: పెన్‌డ్రైవ్ దించకుండా పీకరాదు. బెజవాడలో దాన్ని చదివిన కస్టమర్ ఇంతవరకూ లేడు.

దించింది. ఈసారి పద్నాలుగు ఫోటోలూ లోపలికి వచ్చాయి. ప్రతి కస్టమర్ ఫోటోలనూ ముందు తన ఫోల్డర్‌లో వేసుకోవడం ఆమె పద్ధతి. పోయాయని ఏడుస్తూ తిరిగొచ్చేవాళ్లను చాలామందిని చూసింది.

"తెరిచి చూపించండి," అన్నాడు సోహైల్.

"ముందు నా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి," అంది జెస్సికా. "కెమెరాలోవి డిలీట్ చెయ్యి. సెక్యూరిటీ రూల్."

నసీమా రెండూ చేసింది. తెర మీద ఆకుపచ్చ గీత చకచకా నిండింది. నిండగానే జెస్సికా పెన్‌డ్రైవ్ లాగేసి, రెండో చేత్తో పిస్టల్ తీసింది.

"అమ్మా, ఇంకా దించలా..."

"నోర్ముయ్. జిరాక్స్ తీసుకునేదానివి, నాకు చెప్తావా?"

సోహైల్ లేజర్ వాచీ నొక్కాడు. గోడ మీద ఎర్ర చుక్క పడింది. అంతకు మించి ఏమీ కాలేదు.

"నీ మీద బుల్లెట్ దండగ," అంది జెస్సికా. ఆ బుల్లెట్‌ను మానిటర్‌లోకి దింపింది. సోహైల్ ఫోన్లు, కెమెరా తీసుకుని బయటి నుంచి షట్టర్ దించి తాళం వేసింది. నసీమా ఫోన్ ఉందా అని అడగను కూడా అడగలేదు.

టైము పదకొండూ నలభై రెండు. సోహైల్ చతికిలబడ్డాడు.

"అయిపోయింది ఆపా. కంప్యూటర్ని కాల్చేసింది."

"టీవీని కాల్చింది. కంప్యూటర్ నీ కాళ్ల దగ్గరుంది, తన్నకు."

"తెర లేకుండా ఫోటోలు ఎట్టా చూస్తాం?"

"చూడం. నా ఫోల్డర్‌లో ఉన్నాయిగా, ప్రింటు తీస్తాం."

చీకటి తెర ముందు కూర్చుని ఆమె కమాండ్ టైపు చేసింది. ప్రింటర్ కదల్లేదు. ఎక్కడో అక్షరం తప్పింది. మొత్తం చెరిపి, ఒక్కో అక్షరం పైకి పలుకుతూ మళ్లీ కొట్టింది. ప్రింటర్ మూలిగి కాగితం కక్కింది.

మొదటి పదకొండు కాగితాల్లో తెల్ల గౌన్ల ఆడపిల్లలు. మొన్న ఆదివారం చర్చిలో తీసిన ఫోటోలు. మరియదాసు వాటిని ఎవరికీ ఇవ్వకుండానే పోయాడు. సోహైల్‌కు తన వాచీని, తన వేషాన్ని చూసుకుంటే అసహ్యం వేసింది. అసహ్యం వేయడానికి ఒక మనిషి చావాల్సి రావడం మరీ అసహ్యం.

పన్నెండో కాగితంలో లారీ. నెంబరు స్పష్టంగా ఉంది.

ప్రింటర్ వెనక చార్జింగ్‌లో ఉన్న ఫోన్ తీసి ఇచ్చింది నసీమా. సోహైల్ ముందు చీఫ్‌కు, తర్వాత తాళం పగలగొట్టే సరంజామా చూసుకుని రమ్మని సొలొమోనుకు చేశాడు.

బాంబ్ స్క్వాడ్ పొద్దుటి నుంచీ ఇబ్రహీంపట్నం పవర్ స్టేషన్ దారిలో ఊరికే నిలబడి ఉంది. ఆ లారీ వాళ్ల వెనకే, యాభై గజాల్లో, టీ కొట్టు పక్కన ఆగి ఉంది. అదే కొట్టులో వాళ్లు మూడుసార్లు టీ తాగారు. వైరు తెంపేసరికి టైమర్‌లో రెండు సెకన్లు మిగిలాయి.

పన్నెండూ అయిదుకు షట్టర్ లేచింది. పిస్టల్‌తో జెస్సికా. సందు అవతలి చివర తనవాళ్లు ఉంచిన కారులో లాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ పెట్టి చూసుకుని వచ్చింది. మరియదాసు తమ మొహాలు కూడా తీశాడేమోనని శత్రువులు ఆ ఫోటోలు తెమ్మన్నారు; అప్పగించకుండా వెళ్తే ఆమెను బతకనివ్వరు.

"ఇందులో పేర్లే ఉన్నాయి, ఫోటోల్లేవు. ఏం చేశావ్?"

"నేనేం చెయ్యలా, నువ్వే చేశావు," అంది నసీమా. "గీత నిండితే అయిపోయినట్టు కాదమ్మా. దించేటప్పుడే అంతా లోపలికి పోద్ది. గోడ మీద రాశాగా, చదువుకోలా?"

జెస్సికా తలెత్తి కాగితం చదివింది. ఆ కాగితాన్ని పూర్తిగా చదివిన మొదటి కస్టమర్ ఆమే. చదవడం పూర్తయ్యేసరికి వెనక నుంచి సొలొమోను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు పాత జీపు గేర్లు మార్చిన చెయ్యి. పిస్టల్ కింద పడింది.

తెల్ల గౌన్ల పిల్లల ఫోటోలన్నీ మళ్లీ మంచి కాగితం మీద తీసి చర్చిలో ఇచ్చి రమ్మని నసీమా సోహైల్‌ను పంపింది. ఈ కేసులో అతనికి అప్పగించిన పనుల్లో సవ్యంగా చేసింది అదొక్కటే.

జీవరత్నం మర్నాడు ఢిల్లీకి రిపోర్టు రాశాడు. అందులో నసీమా పేరు లేదు, లైనక్స్ పేరు లేదు. రెండే వాక్యాలు ఉన్నాయి: "సమస్య, డ్రైవర్ దొరకలేదు. వెంటనే డ్రైవర్‌ను పంపి పరిష్కరించడమైనది."