దాచే మైనం

ఆదివారం పొద్దున్నే ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేవి బకెట్లు. ఒకటి సబ్బు నీళ్ళకి, ఇంకోటి గుడ్డ జాడించుకోవడానికి. రెండూ ఒకటే అయితే మట్టి మళ్ళీ కారుకే అంటుకుని గీతలు పడతాయని నాన్న సిద్ధాంతం. ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఊళ్ళో సగం మందికి క్లచ్ ఎక్కడుందో చూపించింది ఆయనే. తనకి భోజనం ఆలస్యమైనా ఊరుకుంటాడు గానీ, కారు మీద పడిన కాకిరెట్ట ఎండిపోతే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తాడు.

కూతురు కళ్ళు నులుముకుంటూ వరండాలోకి వచ్చింది. ఆమెను ఇంట్లో అందరూ హారన్ అంటారు. పుట్టినప్పుడు ఆస్పత్రి అదిరిపోయేలా ఏడిస్తే, "ఇది పిల్ల కాదు, హారన్" అని నాన్న అన్న మాట అలాగే నిలిచిపోయింది. ఇప్పుడు ఆ హారన్ ఫిజియోథెరపిస్టు. మోకాళ్ళు పట్టేసినవాళ్ళ ఇళ్ళకీ, నడుం పడిపోయినవాళ్ళ ఇళ్ళకీ తనే వెళ్ళి వ్యాయామాలు చేయిస్తుంది. బరువు సంచీ భుజాన వేసుకుని బస్సులు మారి అక్కడికి చేరేసరికి, ముందు తన నడుమే ఎవరైనా నొక్కితే బాగుండనిపిస్తుంది.

ఆ తిప్పలు ఇక తీరబోతున్నాయి. "లైసెన్సు చేతికి రానీ, తాళం చెవి నీదే. అది నీ కారు" అని నాన్న ఎప్పటినుంచో అంటున్నాడు. లైసెన్సు మొన్ననే వచ్చింది, తాళం చెవి ఇంకా రాలేదు. అయినా ఆమె అడగలేదు. ఆదివారం వ్యాక్స్ వేద్దామని నాన్న తనంతట తానే అనేసరికి ఆమెకు విషయం అర్థమైపోయింది. కారుని అద్దంలా మెరిపించి మరీ తన చేతికిస్తాడు కాబోలు అనుకుంది. ఆ సంతోషంలో టీ కూడా సగమే తాగింది.

ఆమె వచ్చేసరికి నాన్న కారు కడగడం, తుడవడం ముగించి, ఎడమ పక్క వ్యాక్స్ కూడా పూర్తి చేసేశాడు.

"అదేంటి నాన్నా, నన్ను లేపకుండానే మొదలుపెట్టేశావా? ఇది మోసం!"

చిన్నప్పటినుంచీ వాళ్ళిద్దరికీ పక్కా వాటాలున్నాయి. ఎడమ పక్క నాన్నది, కుడి పక్క ఆమెది, ముందు బానెట్ మధ్యలో ఇద్దరూ కలుసుకుంటారు. ఎవరు ముందు అక్కడికి చేరితే వాళ్ళది గెలుపు. ఆమె బానెట్ అందనంత పొట్టిగా ఉన్నప్పుడు కూడా నాన్న ఈ పందెంలో తొండి చేయలేదు.

"నిద్ర పట్టలేదు, లేచేశాను. నీ వాటా అలాగే ఉంది, కానీ" అన్నాడు నాన్న, ఆమె వైపు చూడకుండా.

ఆమె డబ్బా తీసుకుని చూసి మొహం చిట్లించింది. "ఇదేంటిది? ఇది దాచే మైనం కదా!"

వ్యాక్స్ కావాలంటే షాపువాళ్ళు రకరకాల డబ్బాలు ముందు పోస్తారు. నాన్న దృష్టిలో ఉన్నవి రెండే రకాలు. తేనె రంగులో గట్టిగా ఉండేది కాచే మైనం. అది ఎండనీ వాననీ పెయింటు దాకా రానివ్వదు. కారు రంగే కలిపి మెత్తగా చేసేది దాచే మైనం. అది గీతల్లోకి దూరి కూర్చుని, అసలక్కడ గీతే లేనట్టు కనిపించేలా చేస్తుంది. "రెండోది అమ్ముకునేవాళ్ళు రాసేది. ఉంచుకునేవాళ్ళు రాయరు" అని ఆమెకు చెప్పింది నాన్నే.

"షాపులో అదే ఉందన్నారు. ప్రతిదానికీ మోత మొదలుపెట్టకు. నీడ ఉండగానే పని కానీ."

ఆమె నవ్వేసి పనిలో పడింది. చేతికి పల్చటి ప్లాస్టిక్ సంచీ తొడుక్కుని కుడి తలుపు మీద మెల్లగా నిమిరింది. అలా నిమిరితే కంటికి కనపడని ఇసుక రేణువు కూడా చేతికి తగులుతుంది. గరుకు లేదని తేలాక, స్పాంజి మీద కొంచెమే మైనం తీసుకుని ఒక్కో తలుపుకీ పల్చగా పట్టించింది. మందంగా పూస్తే మెరుపు ఎక్కువ వస్తుందనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు. ఆరి మంచు పట్టినట్టు తెల్లబడ్డాక, వేలితో గీసి చూసి, మెత్తటి గుడ్డ మడతలు మారుస్తూ తుడిచింది. ముదురు నీలం రంగు కింద నుంచి లేచి వచ్చింది.

"నాన్నా, ఒక్క ఎడమ పక్కకే సగం డబ్బా పట్టిందేంటి?"

"నా చెయ్యి పెద్దదిలే."

వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి చూస్తోంది. మామూలుగా అయితే, "ఇల్లు తుడవమంటే మాత్రం ఇద్దరికీ చేతులు నొప్పులు" అని ఈపాటికి నాలుగు అక్షింతలు వేసి ఉండేది. ఇవాళ నోరు మెదపలేదు. అది కూడా హారన్‌కి తన సంతోషంలో భాగంగానే కనిపించింది.

పని పూర్తయ్యే సమయానికి గేటు చప్పుడైంది. నిండు మీసాలతో ఒకాయన లోపలికి వచ్చాడు.

"నమస్తే మాస్టారూ! అబ్బ, కొత్త పెళ్ళికూతుర్లా ఉందండీ. మీ చేతి కింద పెరిగిన కారంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చని మా ఇంట్లో చెప్పే వచ్చాను."

"రావయ్యా" అని నాన్న జేబులోంచి తాళం చెవి తీశాడు. తీసి, కూతురి పక్కనుంచి నడిచి వెళ్ళి ఆ మీసాలాయన చేతిలో పెట్టాడు.

ఒక్క క్షణం ఆమెకి ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థం కానిదేమీ మిగల్లేదు. చేతిలో గుడ్డ ఇంకా అలాగే ఉంది. కిటికీ అద్దం మీద తన వేలి ముద్ర కనిపిస్తే అలవాటు కొద్దీ తుడిచేసింది. ఎవరి కోసం తుడిచిందో గుర్తొచ్చి, గుడ్డ బకెట్లో పడేసింది.

"నాన్నా, ఒకసారి లోపలికి రా."

మీసాలాయన బానెట్ ఎత్తి చూసుకుంటుంటే అమ్మతో కలిసి ముగ్గురూ హాల్లో నిలబడ్డారు.

"కారు అమ్మేస్తున్నావా?"

"పాతబడిపోయిందమ్మా..."

"పాత సంగతి వదిలెయ్. అమ్ముతున్నావా, లేదా?"

"అమ్ముతున్నాను."

"నాదన్నావు కదా! లైసెన్సు రాగానే నా చేతిలో పెడతానన్నావు. ఎన్నిసార్లు అన్నావు నాన్నా!"

నాన్న గోడ గడియారం వైపు చూస్తూ, "ఏదో మాట వరసకి అన్నానే" అన్నాడు.

మాట వరసకి! ఆమె ఆ రెండు ముక్కలూ నమిలి మింగలేకపోయింది. ఆ మాట పట్టుకునే పరీక్ష పాసైంది. ఆ మాట పట్టుకునే, దూరమని వదిలేసుకున్న పేషెంట్లకి ఫోన్లు చేసి, వచ్చే వారం నుంచి నేనే వస్తానని చెప్పింది. పోనీ డ్రైవింగైనా నేర్పాడా? ఊరందరి పక్కనా కూర్చుని నేర్పిన మనిషి, సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి ఖాళీ లేదని స్కూల్లో వేరే ఆయనకి అప్పగించాడు. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది.

"అమ్మా, నీకు తెలుసా?"

అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూసింది. "అమ్మేశాక నెమ్మదిగా చెబుదామన్నారు తల్లీ మీ నాన్న. ఎందుకని అడిగితే నాకూ చెప్పలేదు. పట్టుబట్టి కూర్చున్నారు."

"భలే! ఇంట్లో ఇద్దరికీ తెలుసు, గేటు తీసుకుని వచ్చినాయనకీ తెలుసు. నాకొక్కదానికే తెలీదు. నా చేతే రుద్దించి, నా చేతే మెరిపించి... కనీసం ఆ పనికి నన్ను పిలవకుండా ఉండాల్సింది నాన్నా. అంత లోకువైపోయానా?"

నాన్న మళ్ళీ గడియారం వైపే చూశాడు. ఆ చూపు ఆమె ఒంటికి నిప్పు అంటించింది. దాచే మైనం గుర్తొచ్చింది. అమ్ముకునేవాళ్ళు రాసేది! అంటే ఎడమ పక్క ఏదో దాచాడు. ఎదుటి మనిషి మాస్టారి మీద నమ్మకంతో కళ్ళు మూసుకుని కొనుక్కుంటుంటే ఆయన్నీ మోసం చేస్తున్నాడు. సరే, చూడనీ. అందరూ చూడనీ.

ఆమె తన సంచీలోంచి స్పిరిట్ సీసా, దూది తీసుకుని విసవిసా బయటికి నడిచింది.

"ఏవండీ, కళ్ళు మూసుకుని కొనకండి. కాస్త తెరిచి ఇటు చూడండి" అంటూ ఎడమ తలుపు మీద స్పిరిట్ గుమ్మరించి గట్టిగా తుడిచింది.

నీలం మైనం కరిగి దూదికి అంటుకుంది. దాని కింద నుంచి ఒక గీత బయటపడింది. పొడవాటి గీత. ఆమె ఇంకా తుడిచింది. ఇంకోటి. ముందు చక్రం పైన బరబరా గీసుకుపోయిన మచ్చ. కోపంతో మొదలుపెట్టిన చెయ్యి మెల్లగా నెమ్మదించింది. గీతలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నాయి. వాటి లోపల ఆకుపచ్చ రంగు ఇరుక్కుని ఉంది.

ఆమె తల తిప్పి తమ గేటు వైపు చూసింది. ఆకుపచ్చ గేటు. అంచున ఆ ఎత్తులోనే రంగు లేచిపోయింది. నీళ్ళ లారీవాడు తగిలించాడని నాన్న ఆ మధ్య వాణ్ణి తిట్టిపోశాడు. ఆ తర్వాతి నుంచే కారుని దాని ఎడమ పక్క గోడ వైపు ఉండేలా ఆపి, కవరు కప్పి పెట్టడం మొదలుపెట్టాడు. ఆ తర్వాతి నుంచే కూతురి పక్క సీట్లో కూర్చోవడానికి ఆయనకి ఖాళీ లేకుండా పోయింది.

కుడి పక్క అంతా ఇందాక ఆమె చేత్తో నిమిరిందే. అక్కడ ఒక్క గీత లేదు.

నాన్న వరండా మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలో దూది పారేసి, చెప్పులు వదిలేసి, అడుగు చప్పుడు కాకుండా ఆయనకి ఎడమ పక్కగా వెళ్ళింది. చెయ్యి చాస్తే భుజం అందేంత దగ్గర నిలబడి అరచెయ్యి ఎత్తింది. అటూ ఇటూ ఊపింది. నాన్న కారు వైపే చూస్తున్నాడు.

"హారన్... ఎటు వెళ్ళావే?" అన్నాడు.

ఆమె చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. గుమ్మంలోంచి ఇదంతా చూసిన అమ్మ నోరు చేత్తో మూసుకుంది.

మీసాలాయనకి సగం అర్థమైంది, మిగతా సగం అడగకూడదని కూడా అర్థమైంది. తాళం చెవి తెచ్చి మెట్టు మీద పెట్టాడు. "మాస్టారూ, ఇవాళ మీరు మీరూ మాట్లాడుకోండి. నేను మళ్ళీ కనిపిస్తాను" అని, తనే గేటు దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

"ఎప్పటినుంచి నాన్నా?" ఎడమ పక్కనుంచి గొంతు వినపడేసరికి ఆయన ఉలిక్కిపడి తిరిగాడు.

ఇక దాచడానికి డబ్బాలో మైనం లేదు. నాన్న మెట్టు మీద కూలబడ్డాడు. "మొదట ఎడమ కంట్లో మసకలే అనుకున్నాను. గేటు తగిలినప్పుడు కూడా పరధ్యానం అనుకున్నాను. ఒకరోజు సందు మలుపులో ఒక స్కూలు పిల్ల ఎడమ పక్కనుంచి వస్తోంది. నాకు కనపడలేదే. అది కేక పెడితే బ్రేకు వేశాను. సంచీకి రాసుకుని ఆగింది కారు. పిల్లకేం కాలేదు. కానీ ఆ కేక మాత్రం నా చెవిలోనే ఉండిపోయింది. ఆ రోజు నుంచీ స్కూల్లో పాఠాలు చెప్పడమే గానీ బండి ఎక్కట్లేదు."

"మాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? ఎడమ అద్దం చూడు, ఎడమ అద్దం చూడు అని జీవితమంతా ఊరి మీద అరిచినవాణ్ణి. కారు నీకిస్తే, నాన్నా పక్కన కూర్చో అంటావు. గుడ్డివాణ్ణి, నీ పక్కన కూర్చుని నిన్ను ఎలా కాచుకోను? అసలు కారే లేకపోతే ఆ గొడవే ఉండదనుకున్నాను." ఆయన కారు వైపు తల తిప్పాడు. "ఇవాళ నిన్ను పిలవకూడదనే అనుకున్నాను. కానీ ఆఖరిసారి కదా, నువ్వు లేకుండా ఆ కారు ముట్టుకోవడానికి చేతులు రాలేదు."

హారన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ఆస్పత్రి అదిరేలా కాదు, చప్పుడే లేకుండా ఏడ్చింది. పక్కన కూర్చుని ఆయన భుజానికి తల ఆనించింది.

"కారు అమ్ముతున్నందుకు కాదు నాన్నా నా బాధ. నన్ను బయట నిలబెట్టావు చూడు, అందుకు. అది ఇప్పుడప్పుడే పోదు. స్పిరిట్ పోసినా పోదు."

"పోనక్కర్లేదు" అన్నాడు నాన్న, ఆమె తల నిమురుతూ. "తప్పు నాది. గీత కనపడనీ."

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "కన్ను సంగతి కట్టుకున్నదానికి కూడా చెప్పకుండా తిరిగారు కదా, మీతో తర్వాత మాట్లాడతాను. ముందు రేపు పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి పదండి. ఎలా వెళ్దాం, బస్సులోనా?"

"నా కారులో" అంది హారన్. "మాట వరసకి అనడం లేదు."

నాన్న తడి కళ్ళతోనే నవ్వాడు.

ఆమె లేచి రెండు బకెట్లూ మళ్ళీ నింపింది. సబ్బు నీళ్ళతో దాచే మైనమంతా కడిగేసి, అటక మీద నుంచి పాత డబ్బా దించింది. కాచే మైనం అడుగున కొంచెమే ఉంది గానీ, పల్చగా రాస్తే సరిపోతుంది. గీతలు పోవు, కానీ వాటిలోకి నీరు దిగదు, తుప్పు పట్టదు. నాన్న లేచి స్పాంజి తీసుకుని, అలవాటుగా ఎడమ తలుపు వైపు నడిచాడు. ఆమె ఎదురొచ్చి ఆయన భుజాలు పట్టుకుని మెల్లగా అటు తిప్పింది.

"నువ్వు కుడి పక్కకి వెళ్ళు నాన్నా. ఇవాళ్టి నుంచి ఎడమ పక్క నాది."