అమానతు అడిగిన ఆడది

ఆ శుక్రవారం పొద్దున అమానుల్లా రెండో దోసె తింటుండగానే సైదున్నీసా స్టవ్వు ఆర్పేసి, పెనం దించి, కొంగుతో చేతులు తుడుచుకుంది. మూడో దోసె రాదని అర్థమై అతను తలెత్తాడు.

"ఈ పొద్దు బావకాడ దుడ్లు అడుగు," అంది.

"ఏం దుడ్లు?"

"మన దుడ్లే. పధ్నాలుగు వేల రెండొందలు. ఊరోళ్లవి అడగమంటినా?"

అమానుల్లా దోసె ముక్క చట్నీలో అద్ది, నోట్లో పెట్టుకోకుండా అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. దుబాయ్‌లో, సత్వా బజారులో, ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణంలో అతను కటింగ్ మాస్టరు. ఎంత ఖరీదైన పట్టునైనా చెయ్యి వణక్కుండా కోసేస్తాడు. మనుషుల ముందు మాత్రం అతని నోట్లోంచి మాట ఊడిపడటానికి అరగంట పడుతుంది. సైదున్నీసా అందుకు పూర్తిగా విరుద్ధం. ఉన్న ఒక్క గదిలో కుట్టుమిషను పెట్టుకుని చుట్టుపక్కల ఆడవాళ్లకు జాకెట్లు కుడుతుంది, బేరం దగ్గర రూపాయి కాదు గదా పావలా కూడా వదలదు.

ఇద్దరిదీ రాయచోటి దగ్గర పల్లె. వచ్చి ఆరేళ్లయింది. ఇదంతా జరిగింది ఎనభై నాలుగు, మార్చి నెలలో. వచ్చేటప్పుడు మూడేళ్ల కూతురు గౌసియాను సైదున్నీసా తల్లి హలీమాబీ దగ్గర వదిలి వచ్చారు. రెండేళ్లలో నాలుగు రాళ్లు వెనకేసుకుని వెళ్లిపోదామనుకున్నారు. రెండేళ్లు ఆరేళ్లయ్యాయి.

పోయిన నెల ఊరినుంచి వచ్చినాయన ఒక క్యాసెట్టు తెచ్చిచ్చాడు. అందులో గౌసియా గొంతు. "దుబాయమ్మా, బాగుండావా? అమ్మకు మోకాళ్లు నొప్పంట, మందు పంపీ." పిల్ల అమ్మ అన్నది హలీమాబీని. కన్నతల్లి దుబాయమ్మ అయింది. సైదున్నీసా ఆ క్యాసెట్టు నాలుగుసార్లు విని, ఐదోసారి మీట నొక్కలేక, కుడుతున్న జాకెట్టు మీద పడి ఏడ్చింది. ఆ రోజే అనుకుంది, ఏప్రిల్లో బడి తెరిచే నాటికి బిడ్డ ఇక్కడ ఉండాలని.

ఈ గదిలో పిల్లల్ని ఉండనివ్వరు. పక్క వీధిలో రెండు గదుల ఇల్లు ఖాళీ అయింది. ఏడాది బాడుగ ఒక్కసారే కట్టాలి. ఆ ఇంటాయన పది రోజులు గడువిస్తే అందులో ఏడు అయిపోయాయి. బాడుగ, బడి ఫీజు, టికెట్టు, అన్నిటికీ సరిపోయే డబ్బు ఉంది. వాళ్ల దగ్గర కాదు, నూర్ మొహమ్మద్ దగ్గర ఉంది.

నూర్ మొహమ్మద్ ఆ పల్లె నుంచి మొట్టమొదట దుబాయ్ వచ్చిన మనిషి. తర్వాత వచ్చిన మగవాళ్లందరికీ అన్న, వాళ్ల ఆడవాళ్లకు బావ. వాళ్ల జీతాల్లో మిగిలిన దిర్హాలన్నీ ఆయన గదిలో ఇనప్పెట్టెలోకి పోతాయి. దాన్ని అమానతు అంటారు. ఎవరెంత ఇచ్చారో రాసుకోరు. రాసుకుంటే అన్నను అవమానించినట్టు. పద్దెనిమిది మంది లెక్కలూ ఆయన నోటికే ఉంటాయని ఊళ్లో కూడా గొప్పగా చెప్పుకుంటారు. పనులు వదిలేసి ఊరికి వెళ్లిపోయేటప్పుడు తప్ప మధ్యలో ఎవరూ తిరిగి అడగరు. అడిగితే ఆ మనిషితో నలుగురూ మాట్లాడరు.

"వచ్చే వారం అడుగుతాలే," అన్నాడు అమానుల్లా.

"పోయిన వారం కూడా అదే అంటివి. వచ్చే వారానికి ఆ ఇల్లు ఇంకొకరిదైతాది."

"పద్దెనిమిది మందిలో ఇంతవరకూ ఒక్కడడిగినాడా మే? నా ముఖం యాడ పెట్టుకోవల్ల?"

"నీ ముఖం పెట్టుకునేదానికి జాగా ఉండాదిలే. నా బిడ్డను పెట్టుకునేదానికే లేదు," అని ఆమె చట్నీ గిన్నె లాగేసుకుంది.

శుక్రవారం నమాజు తర్వాత అందరి భోజనం నూర్ మొహమ్మద్ గదిలోనే. మగవాళ్లు ముందు గదిలో కింద సుఫ్రా గుడ్డ పరిచి కూర్చుంటారు. ఆయన భార్య అక్తర్ బీ వెనక వంటింట్లో వడ్డనకు అందిస్తుంటుంది. ఆ రోజు ఏడెనిమిది మంది ఉన్నారు. సైదున్నీసా వంటింటి గుమ్మంలో నిలబడి భర్త వైపే చూస్తోంది. అమానుల్లా రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లూ మాటను అన్నంలో కలిపేసుకుని మింగాడు.

మూడోసారి సైదున్నీసా ఆగలేదు. గుమ్మం దాటి ముందుకొచ్చింది.

"బావా, మా అమానతు ఇప్పించు. బిడ్డను పిలిపించుకుంటాండాం. ఇంటికి బాడుగ కట్టల్ల."

చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నూర్ మొహమ్మద్ నెమ్మదిగా తలెత్తాడు. అరవై దాటిన మనిషి. ఆయన ముందు ఆడవాళ్లు గట్టిగా దగ్గిందైనా లేదు.

"అమానుల్లా," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "నీకు నోరు పడిపోయిందా?"

అమానుల్లా పళ్లెంలోకి చూశాడు.

"ఏమబ్బా, మీ ఇంట్లో ముదీర్ ఎవరు?" అన్నాడొకడు, మేనేజరును పిలిచే అరబ్బీ మాటతో. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"నేనే," అంది సైదున్నీసా. "జీతమిస్తావా?"

నవ్వినవాళ్లు ముద్దలు కలుపుకోవడంలో పడ్డారు.

"బాడుగ కట్టినంక మిగిలింది యాడ పెడతావు?" అన్నాడు నూర్ మొహమ్మద్. "మళ్ల నా పెట్టెలోకేనా?"

"లేదు బావా. బ్యాంకులో ఏస్తా. నా పేరు మీద."

"బ్యాంకంటే వడ్డీ. వడ్డీ తింటావా? హరాం అని నీకు తెలీదా?"

"వడ్డీ లేని ఖాతా ఉండాదంట. మా వీధిలో ఉండే దేవదానం బ్యాంకులోనే పనిచేస్తాడు. ఆయన పెండ్లాం అచ్చాయమ్మ జాకెట్లు కుట్టించుకునేదానికి వచ్చినప్పుడు అంతా అడిగి తెలుసుకున్యా. వడ్డీ నాకొద్దు. కాయితం కావల్ల. నా దుడ్లు ఎంతుండాయో రాసి నా చేతికి ఇచ్చే కాయితం."

"అంటే నేను దొంగనా?" ఆయన గొంతు లేచింది. "ఆరేండ్లు దాచిపెడితే దొంగనైతినా నేను?"

"ఆ మాట నేను అన్లేదు. నువ్వు దొంగవైతే నా మొగుడు నీకు రూపాయి ఇస్తాడా? నువ్వు మంచోడివే బావా. కానీ మనిషివి. రేపు నీకు జ్వరమొచ్చి పడుకుంటే ఆ పెట్టెలో ఎవరిదెంతో ఎవర్ని అడగల్ల? పెట్టెనడిగితే చెప్తాదా?"

"ఖలాస్!" నూర్ మొహమ్మద్ పళ్లెం ముందుకు తోసేశాడు. "ఇంక మాటల్లేవు. నీ దుడ్లు నీ మొహాన కొడతా, తీసుకుని పో. పన్నెండు వేల రెండొందలు. అక్తరూ, తాళంచెవి తే!"

సైదున్నీసా కదల్లేదు.

"పధ్నాలుగు వేల రెండొందలు బావా."

ఇంతవరకూ ఎవ్వరూ ఆయన లెక్కను కాదనలేదు.

"నా లెక్క తప్పంటావా? పద్దెనిమిది మందివి నాలిక మీదుండాయి నాకు. అమానుల్లా! నువ్వు చెప్పు. నీ చేత్తో ఇచ్చినోడివి నువ్వే గదా. ఎంత? పన్నెండా, పధ్నాలుగా?"

అందరూ అమానుల్లా వైపు తిరిగారు. అతనికి తెలుసు. పోయిన ఏడు బక్రీదుకు ముందు దుకాణం సేఠు బోనస్ కింద ఇచ్చిన రెండు వేలు, కవరు కూడా విప్పకుండా తెచ్చి ఇక్కడే ఇచ్చాడు. అన్న లెక్క తప్పని ఎట్లా అనడం?

"అన్న ఎంతంటే అంతే," అన్నాడు.

సైదున్నీసా ముఖం పాలిపోయింది. తమ ఊరివాళ్లు నవ్వినా, అన్న కసిరినా ఆమెకు పట్టలేదు. ఈ మాట మాత్రం గుండెలో దిగింది.

"రెండు వేలంటే ఏందో తెలుసా నీకు?" అని ఆమె భర్త వైపు తిరిగింది. "మన గౌసియా టికెట్టు, బడి ఫీజు. మర్యాద కోసం బిడ్డను వదిలేస్తాండావు. ఇంకో రెండేండ్లు పోతే అది నన్ను దుబాయమ్మ అని కూడా అనదు. ఎవరో ఆడామె అంటాది. నీకు సమ్మతమేనా? నాకు కాదు. నా రెండు వేలు ఇచ్చేదాకా ఈ గడప దాటను. అందరూ చూస్తాండంగా ఇక్కడే కూర్చుంటా."

నిజంగానే సుఫ్రా పక్కన, మగవాళ్ల మధ్య, చాప మీద కూర్చుంది.

అప్పుడు వంటింట్లోంచి తాళంచెవితో అక్తర్ బీ వచ్చింది. నలభై ఏళ్ల కాపురంలో ఆమె నలుగురి ముందు నోరు విప్పడం ఎవరూ చూడలేదు.

"పధ్నాలుగే," అంది. "బక్రీదు ముందర తెచ్చినాడు కవరు. ఆ పొద్దు నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చి పడుకున్యావు. కవరు నీ చేతికిచ్చినాడు, నువ్వు నా చేతికిస్తివి. పెట్టెలో పెట్టింది నేనే."

"నువ్వు గమ్మునుండు."

"ఉండను. ఏడాదిగా గమ్మునే ఉండా." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుపు ఆగలేదు. "మతి నిలవడం లేదు ఈయనకు. చలికాలంలో మగ్రిబ్ నమాజుకు పోయి ఇంటి దావ మర్చిపోయినాడు. జ్యూసు దుకాణం ముందర కూర్చుంటే ఎవరో పఠాన్ తోలకొచ్చినాడు. నన్ను చచ్చిపోయిన చెల్లెలి పేరు పెట్టి పిలుస్తాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకున్యాడు. రోజూ పొద్దున లేస్తానే మీ అందరి లెక్కలూ గొణుక్కుంటాంటాడు, యాడ పోతాయోనని. పోతాండాయి నాయనా. ఒక్కోటీ పోతాండాయి."

నూర్ మొహమ్మద్ లేచి ఆమెను ఆపబోయాడు. సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. తలమీది టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆ ముఖంలో కోపం ఎటుపోయిందో తెలియలేదు. మిగిలిందల్లా భయం.

సైదున్నీసాకు అప్పుడర్థమైంది ఆయన ఎందుకంత గట్టిగా అరిచాడో. ఆమె కళ్లు నిండాయి. అయినా లేవలేదు.

"అమానుల్లా," అన్నాడు నూర్ మొహమ్మద్, చాలా చిన్న గొంతుతో. "నిజం చెప్పు నాయనా. ఎంత?"

అమానుల్లా గబుక్కున వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"పధ్నాలుగు వేల రెండొందలు అన్నా. పధ్నాలుగు వేల రెండొందలు." రెండుసార్లు అన్నాడు. "తెలిసీ అబద్ధమాడినా. నీకు ఎదురు చెప్పలేక నా బిడ్డ నోరు కొట్టబోయినా."

"ఇట్లనే ఇంకెంతమంది ఊరుకున్యారో," అని నూర్ మొహమ్మద్ చుట్టూ చూశాడు. ఇద్దరు తల దించుకున్నారు. "నేను తప్పు చెప్తే గమ్మునుంటిరా? దాన్ని మర్యాద అంటిరా? రేపు అల్లా ముందర నన్ను దొంగగా నిలబెడతాంటిరి గదరా!"

ఆయన తాళంచెవి తీసుకుని సైదున్నీసా చేతిలో పెట్టాడు.

"సైదమ్మా, నీకు రాయడమొస్తాది గదా. కూర్చో. ఒక్కొక్కరిదీ రాయి. నాకు గుర్తున్నకాడికి నేను చెప్తా. తప్పైతే నా మొహం చూడొద్దు, అప్పుడే తప్పని చెప్పండి. అందరిదీ ఎవరిది వాళ్లకు ఇచ్చేస్తా. బాకీ పెట్టుకుని చావలేను."

"రాస్తా బావా," అంది ఆమె, కొంగుతో కళ్లు తుడుచుకుని. "ముందు నువ్వు అన్నం తిను. ముద్ద పళ్లెంలోనే ఉండాది."

ఆ పూట రాని వాళ్లను కూడా పిలిపించి సాయంత్రం దాకా రాశారు. ఒకరిద్దరి దగ్గర తేడాలొచ్చాయి, వాదించుకున్నారు, అక్తర్ బీ గుర్తుచేసింది. చివరికి పెట్టెలో ఉన్నదీ కాగితం మీదున్నదీ సరిపోయాయి. ఆయన ఒక్క దిర్హం ముట్టుకోలేదు.

మర్నాడు శనివారం. ముందు ఇంటాయనకు బాడుగ కట్టి, అక్కణ్నుంచి బ్యాంకుకు వెళ్లారు. కౌంటరు దగ్గరి మనిషి ఫారం అమానుల్లా ముందు పెట్టాడు. "సంతకం ఇక్కడ," అని హిందీలో అన్నాడు.

"నాది కాదు సాబ్, ఆమెది," అన్నాడు అమానుల్లా. వెనకున్న వాళ్లకు కూడా వినిపించేటట్టు అన్నాడు.

సైదున్నీసా తెలుగులో సంతకం పెట్టింది. ఆ మనిషి కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఇంగ్లీషులో పెట్టరాదా అని అడిగాడు. రాదంది. ఇంకోసారి పెట్టమంటే అచ్చం అట్లాగే పెట్టింది. ఎన్నిసార్లయినా పెడతానంది. ఇంక చేసేదిలేక అతను ముద్ర వేసి పుస్తకం చేతికిచ్చాడు.

వాళ్ల వెనకే వరుసలో, తమ సొంత డబ్బు వేసుకోవడానికి, నూర్ మొహమ్మద్, అక్తర్ బీ నిలబడి ఉన్నారు. "దీని పేరు కూడా కలిపి రాయమని చెప్పు సైదమ్మా," అన్నాడాయన. "నేను మరిచిపోయినా ఇదుండల్ల." అక్తర్ బీకి సంతకం రాదు. సైదున్నీసా ఆమె బొటనవేలు పట్టుకుని సిరాలో అద్దించింది.

బయటికి వచ్చి ఇద్దరూ ఇంటి దారి పట్టారు. ఎండ మండుతోంది. ఆమె నీడ తన మీద పడేటట్టు నడుస్తున్నానని గమనించి, అమానుల్లా ఎండ వైపు వచ్చి తనే ఆమెకు నీడ పట్టాడు.

"నిన్న నేను ఆ మాట అనకుండా ఉండల్సింది," అన్నాడు.

"అవును, ఉండల్సింది."

"క్షమించు మే."

ఆమె బ్యాంకు పుస్తకం అతని చేతికిచ్చి పట్టుకోమంది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఈ పొద్దే మీ అమ్మకు జాబు రాద్దాం," అన్నాడు. "పిల్లను పంపించమని."

"రాసేసినా. పోస్టులో ఏసి పది దినాలైతాంది."

అమానుల్లా నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. "పది దినాలా? దుడ్లు చేతికి రాకముందేనా? ఇల్లు లేదు, బడి లేదు... అన్న ఇయ్యనని ఉంటే ఏం చేసేదానివి?"

"ఇప్పించుకునేదాన్ని," అంది సైదున్నీసా. "పా, ఎండలో నిలబడొద్దు. బిడ్డ వస్తాంది, గదులు కడగల్ల."