ఎడమచేతి గీతలు

సాయంత్రం ఆరుంపావుకి పెయింటరు రెండో డబ్బా మూత లేపి, పుల్లతో రంగు కలిపాడు. నది ఒడ్డు దారి వెంట ప్రతి మలుపులోనూ ఒక రాయి, రాయిమీద దారి గుర్తుగా తెల్లగీత. మధ్యాహ్నం నుంచి గీస్తూనే ఉన్నాడు. తలెత్తి చూస్తే ముందు మలుపులో పడవ ఇల్లు కనిపించింది.

ఆ ఇంటికి మంచిపేరు లేదు. వంతెన కట్టాక పడవ మనిషి వెళ్ళిపోయాడు, తలుపులు ఊడిపోయాయి, పైకప్పు సగం కూలింది. పాడుబడ్డ ఇళ్ళు ఎక్కడ లేవు? దానికెవరూ భయపడలేదు. భయం పట్టుకుంది పోయినేడు వరద తర్వాత. పొద్దుపోయాక అటు వెళ్తే ఒక చప్పుడు వినిపిస్తుందట. రంగు కారకుండా కుంచెని డబ్బా అంచుకి కొట్టే చప్పుడు.

టక్... టక్...

చేపలవాళ్ళు విన్నారు. వాహ్యాళికి వచ్చేవాళ్ళు విన్నారు. ఆ నోటా ఈ నోటా పడి ఆ దారిలో నడకే ఆగిపోయింది. గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఈ సంగతి పెయింటరు ముందు మాత్రం ఎవరూ ఎత్తలేదు. వరదలో పోయింది అతని తమ్ముడు.

ఏటా అన్నదమ్ములిద్దరూ కలిసే ఆ గీతలు గీసేవాళ్ళు. అన్న దిగువనుంచి, తమ్ముడు ఎగువనుంచి బయల్దేరి పడవ ఇంటి దగ్గర కలుసుకునేవాళ్ళు. తమ్ముడిది ఎడమచేతి వాటం. అన్న గీత కుడివైపు సన్నబడితే, తమ్ముడిది ఎడమవైపు సన్నబడేది. పని అయ్యాక తమ్ముడు కుంచె కడిగిన పాపాన పోలేదు.

"కడగరా వెధవా! తెల్లారేసరికి కట్టెపుల్లవుతుంది."

"కట్టెపుల్లయితే నీకు పళ్ళు తోముకోడానికి ఇస్తాలే అన్నయ్యా!"

పోయినేడు అన్న పడవ ఇంటికి చేరాడు. తమ్ముడు చేరలేదు. ఎగువన వరద ముంచుకొచ్చింది. శవం కూడా దొరకలేదు.

అప్పట్నుంచి పెయింటరు ఇటు రాలేదు. ఇవాళ వచ్చింది తమ్ముడి భార్య మాట మీద. తెల్లారితే రెవెన్యూ ఆఫీసరమ్మ వచ్చి దారి చూస్తుంది. జనం నడిచే దారేనని తేలితే జనానిది. లేదంటే పక్క తోట యజమాని నీళ్ళంచు దాకా కంచె వేసుకుంటాడు. నదిలోకి దిగడానికి ఇంకో చోటు లేదు.

"కంచె పడితే ఆయన కోసం ఎక్కడ వెతుకుతాం బావగారూ?" అంది మరదలు. ఆమె ఇప్పటికీ రాత్రిపూట తలుపు గడియ వెయ్యదు.

తోట కాపలా మనిషి లాంతరు పట్టుకుని ఎదురొచ్చాడు.

"చీకటి పడుతోంది, ఇంక ఇంటికి పోవయ్యా."

"ఇంకో నాలుగు రాళ్ళే."

"నాలుగు రాళ్ళకోసం..." అని నసిగి, "నేను మాత్రం ఆ మలుపు దాటను. జీతం తోటకే ఇస్తున్నారు, దెయ్యానికి కాదు" అంటూ వెనక్కి తిరిగాడు.

పెయింటరు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

పడవ ఇంటి దగ్గరికి చేరాడు. గోడవారన ఉన్న రాయి మీదకి టార్చి వేశాడు. కుంచె ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు.

రాయిమీద అప్పటికే గీత ఉంది.

వేలు పెట్టి చూశాడు. తడి. వేలికి తెల్లగా అంటుకుంది.

గీత ఎడమవైపు సన్నబడింది...

అవతలి రాయిమీదా అంతే. ఆ పై రాయిమీదా అంతే. అయితే ఆ గీతలు దారి వెంట పోవడంలేదు. ఇంటి వెనక నుంచి వాలులోకి దిగి, నీళ్ళకేసి పోతున్నాయి. వాటివెంటే పోయాడు. చివరి గీత నీళ్ళంచున ఉన్న బండమీద. దాని తర్వాత బురద, నది.

టక్... టక్...

"ఒరేయ్..." అన్నాడు.

చప్పుడు ఆగింది. తను చెప్పేది వినడానికే ఆగినట్టు ఆగింది.

పెయింటరు అక్కడే చతికిలబడ్డాడు. రేపు ఆఫీసరమ్మ ఈ గీతలు చూస్తుంది. దారి నీళ్ళలోకి పోతోందంటుంది. ఇది దారి కాదు, ప్రమాదం అని రాసేస్తుంది. దారి తప్పించే గుర్తుని పెయింటరన్నవాడు ఉండనివ్వకూడదు. అది వాళ్ళ నాన్న ఇద్దరికీ నేర్పిన మొదటి పాఠం.

"రేపొక్క రోజురా," అని గొణిగాడు. "దారి మనకి దక్కనీ... తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు గీసుకో."

టర్పెంటైన్‌లో గుడ్డ ముంచి చివరి గీతనుంచి ఒక్కొక్కటే తుడుచుకుంటూ పైకొచ్చాడు. తుడిచినంతసేపూ వెనక చప్పుడు లేదు. ఎగువ రాళ్ళ మీద కూడా తనే గీశాడు, కుడివైపు సన్నబడేలా.

పొద్దున్నే ఆఫీసరమ్మ వచ్చింది. గడ్డి తొక్కుకుంటూ మలుపుదాకా నడిచి, ఒక రాయి మీద వేలు పెట్టింది. నది తేమకి రంగు ఇంకా ఆరలేదు. వేలు చూసుకుంది.

"ఈ దారి నిన్న రాత్రి పుట్టిందా?"

"ఏళ్ళనాటిదమ్మా. గీతలే కొత్తవి."

"మరి ఆ వాలు రాళ్ళమీద తుడిచిందేమిటి? ఒకచోట గీయడం, ఒకచోట చెరపడం... నాకోసం తయారుచేశారా?"

చచ్చిన తమ్ముడు గీశాడని పెయింటరు ఏ నోటితో చెబుతాడు?

దారి తోట యజమానికి పోయింది. కంచె పని మొదలైంది. ఆశ్చర్యమేమిటంటే, పొద్దుపోయేదాకా పనిచేసిన కూలీల్లో ఒక్కరికీ ఏ చప్పుడూ వినిపించలేదు.

కొన్నాళ్ళకి కాపలా మనిషి పెయింటరు ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీ తమ్ముడు దొరికాడయ్యా. కంచె స్తంభానికి తవ్వుతుంటే..."

"ఎక్కడ?"

"నీళ్ళంచున బండ ఉంది చూడు, దాని కిందే. ఎముకలే మిగిలాయి. ఎడమచేతి దగ్గర కుంచె ఉంది. ఏడాదిగా మట్టిలో పడున్న కుంచె కదా, బిరుసెక్కి ఉంటుందని పట్టుకున్నా..."

మాట ఆపి, అరచెయ్యి చాపాడు.

తెల్లగా ఉంది. ఇంకా తడి ఆరలేదు.