వంశపటంలో ఖాళీ వలయం

"మంచు కురిస్తే బాతెక్కడ పడుకుంటుంది, రెల్లులోన, రెల్లులోన..." చిన్నప్పుడు పాడేదాన్ని. తర్వాతి చరణంలో ఎవరో వస్తారు. ఎవరో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

నేను సన్యాసినుల మఠంలో బట్టలుతికేదాన్ని. యాభై దాటాక ఐడోనియా సన్యాసిని నాకు అక్షరాలు దిద్దించింది. చనిపోయిన యువరాజుగారి వంశపటం రాసేది ఆవిడే. గొర్రెతోలు మీద వలయాలు, ఒక్కో వలయంలో ఒక పేరు, తండ్రి నుంచి బిడ్డకి ఎర్రగీత. అట్టడుగున హవీస్. యువరాజుకి మిగిలిన ఒక్క కూతురు, ఏడేళ్లది. నా ఒళ్లోనే పెరిగింది.

ఆ చలికాలం మధ్యాహ్నం డ్రోగో దొర మేడమీది రాతగదికి వచ్చాడు.

"హవీస్ పేరు గీకెయ్యాలి. కొత్త రాజుగారి ఆజ్ఞ."

పటంలో పేరు లేకపోతే ఆ పిల్ల యువరాజు బిడ్డే కాదు. ఎక్కడికి లాక్కుపోయినా అడిగే దిక్కుండదు. ఐడోనియా పటం దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. దొర కత్తి నా ముందు పెట్టాడు.

"నువ్వు గీకు ముసలీ. మరకలు పోగొట్టే చేతులేగా!"

"ఇది మరక కాదు దొరా. నేను ముట్టుకోను."

నవ్వి, తనే గీకడం మొదలుపెట్టాడు.

కిటికీ దగ్గర పీట మీద కూర్చుని హవీస్ ఆపిల్ తింటోంది. కత్తి కింద పేరు పొడిపొడిగా రాలుతోంది. గర్... గర్... తడిసిన గొర్రె వాసన. పిల్ల నమలడం ఆగింది. గోడ మీద నీడ పలచబడింది. చివరి అక్షరం పోయింది...

పీట ఖాళీ. కొరికిన ఆపిల్ నేల మీద దొర్లుతోంది.

దొర కత్తి పారేసి మెట్లు దిగి పరుగెత్తాడు. నేను కలం అందుకున్నాను.

"గీకిన చోట సిరా పాకుతుందవ్వా," గుసగుసగా అంది ఐడోనియా.

పక్కనే నున్నటి వలయం ఒకటుంది, ఖాళీగా. ఎర్రగీత కూడా ఉంది. అందులో రాశాను. హ... వీ... స్. వంకర అక్షరాలే. కానీ ఎవడూ చెరపలేనంత లోతుగా రాశాను.

ఐడోనియా నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. "అయ్యో... అది హవీస్ అక్కది. నీళ్లు చల్లి పేరు పెట్టకముందే పోయింది. అలాంటి బిడ్డకి ఉత్త వలయమే గీస్తాం..."

మెట్ల మీద అడుగులు. చిన్నవి. తలుపులో హవీస్! చల్లగా ఉన్నా, ఊపిరి తీస్తోంది. గుండెకి హత్తుకున్నాను. మెట్ల కింద డ్రోగో దొర ఏదో అరిచాడు. అరుపు సగంలో ఆగిపోయింది.

ఎందరొచ్చి బెదిరించినా ఆ రాతని నేను గీకనివ్వలేదు. రాయడం తప్పని ఇప్పటికీ అనను. హవీస్ పెరిగి పెద్దదైంది, కానీ ఆ రోజు తర్వాత నాతో మాట్లాడలేదు. ఆ రోజు తలుపు గడియ వెయ్యబోతున్న నా చెయ్యి పట్టుకుని అన్నదే చివరి మాట.

"వెయ్యకవ్వా. అక్క ఇంకా మెట్లెక్కుతోంది."